విదేశీ బడిలో కొలువు: జీతం అడిగే ముందు ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) తీసుకున్నారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. చలికాలం మొదలైందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ప్రకటనలు తిరుగుతుంటాయి: గల్ఫ్‌లో ఇంటర్నేషనల్ స్కూలుకు టీచర్లు కావలెను, బీఈడీ ఉంటే చాలు, వసతి, విమాన టికెట్ ఉచితం. మన రాష్ట్రంలో 2017 తర్వాత నియామకాల దాకా వెళ్ళిన డీఎస్సీ 2024లోది. అందులో 11,062 పోస్టులు. మిగిలినవాళ్ళు నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, జడ్చర్ల ప్రైవేటు బళ్ళలోనే ఏళ్ళు గడుపుతున్నారు. ఆ ప్రకటన చూసి వాళ్ళ మనసు అటు పోవడంలో వింతేమీ లేదు. కాకపోతే అందరూ అడిగేది జీతం అంకె ఒక్కటే. ఆ అంకె చేతికి వచ్చేదీ రానిదీ చాలావరకు ఇక్కడే, యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనూ పాత స్కూలు ఆఫీసు గదిలోనూ తేలిపోతుంది. ఆ సంగతి రాద్దామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టాలి.

ప్రకటన ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే మొదట అడగాల్సిన ప్రశ్న: మీ బడిలో పదో తరగతి ఈడు పిల్లలు ఏ పరీక్ష రాస్తారు? సీబీఎస్‌ఈ అంటే అది అక్కడి భారతీయుల పిల్లల కోసం నడిచే బడి. ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఉంటాయి, మలయాళీ సహోద్యోగులు ఎక్కువ. మన టీచరు తొందరగా కుదురుకునేది ఇక్కడే, జీతం తక్కువగా ఉండేదీ ఇక్కడే. ఐజీసీఎస్‌ఈ అంటే బ్రిటిష్ పద్ధతి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తెరుస్తారు, తరగతిలో పది దేశాల పిల్లలుండవచ్చు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అంటే మరో దారి, దాని చివరి రెండేళ్ళు డిప్లొమా. సీబీఎస్‌ఈ బడికీ ఈ రెండు రకాలకూ మధ్య జీతంలో రెండు మూడింతల తేడా ఉంటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేని ఏజెంటుకు ఆ బడి గురించి ఏమీ తెలియదనే లెక్క.

బ్రిటిష్ బళ్ళు చాలావాటికి క్యూటీఎస్ అనే ఇంగ్లాండు టీచరు అర్హత కావాలి. ఇది మనకు అందనిదని అనుకుంటారు. 2023 ఫిబ్రవరి నుంచి భారత్‌లో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, విదేశీ భాషల టీచర్లు, 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు చెప్పే అర్హత ఉంటే, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులోనే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ, టీచరు శిక్షణ, కనీసం ఒక విద్యా సంవత్సరం బోధన అనుభవం, తగినంత ఇంగ్లిషు ఉండాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. దీన్ని చేయించి పెడతామని వేలకు వేలు గుంజే కోచింగ్ సెంటర్ల గడప తొక్కనక్కర్లేదు. పాస్‌పోర్టు రంగును బట్టి ఒకే పనికి రెండు జీతాలిచ్చే బళ్ళు కూడా ఉన్నాయి. అది అన్యాయమే, కానీ ముందే తెలిసి ఉంటే బేరం ఆడటానికి పనికొస్తుంది.

ఇక కాగితాలు. మన జిల్లాల వాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

డిగ్రీ, బీఈడీ పాసైనవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది మార్కుల మెమో, ప్రొవిజనల్. ఓడీ తీసుకోరు, ఇక్కడి ప్రైవేటు బడికి దాంతో పనిలేదు కదా. విదేశీ ధ్రువీకరణకు ప్రొవిజనల్ చెల్లదు, ఓడీ కావాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు చదివినవాళ్ళ డిగ్రీ ఉస్మానియాది. వాళ్ళు హైదరాబాద్ పోవాల్సిందే. బడి నుంచి ఆఫర్ లెటర్ వచ్చాక ఓడీకి దరఖాస్తు పెట్టేవాళ్ళకు గడువు చాలదు. ఉద్యోగం వెతకక ముందే తీసి పెట్టుకోవాలి.

ఓడీ చేతికొచ్చాక పోతుందేమోనని లామినేషన్ చేయిస్తారు. ఆ పని మాత్రం చేయొద్దు. ధ్రువీకరణ ముద్రలు, స్టిక్కర్లు అసలు సర్టిఫికెట్ వెనుక వైపే పడతాయి. ప్లాస్టిక్ మీద పడవు. లామినేషన్ ఊడదీయబోతే అక్షరాలు లేచిపోతాయి, అప్పుడు డూప్లికేటుకు మళ్ళీ మొదటి నుంచి.

ముద్రల వరుస ఇది. ముందు సర్టిఫికెట్ నిజమేనని యూనివర్సిటీ తేల్చాలి, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆపైన కేంద్ర విదేశాంగ శాఖ. అక్కడి నుంచి దారి చీలుతుంది. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అపోస్టిల్ (ఒక దేశపు ధ్రువీకరణను మిగతా సభ్య దేశాలు నేరుగా ఒప్పుకునే) ఒప్పందంలో ఉన్న దేశాలు (సౌదీ 2022 చివర్లోనే చేరింది). భారత్ 2005లో చేరింది. ఆ దేశాలకు విదేశాంగ శాఖ అతికించే అపోస్టిల్ స్టిక్కరు ఉండాలి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు దౌత్య కార్యాలయం ముద్ర, అక్కడ దిగాక వాళ్ళ విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి. కొందరు ఏజెంట్లు రాష్ట్ర ముద్రకు బదులు ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్‌డివిజనల్ మెజిస్ట్రేటు) ముద్ర కొట్టించి తొందరగా అయిపోయిందంటారు. చదువు సర్టిఫికెట్లకు దాన్ని ఒప్పుకోనిచోట మళ్ళీ మొదటికొస్తుంది. ఏ దారి చెల్లుతుందో బడి హెచ్‌ఆర్ వాళ్ళతో మెయిల్‌లో రాయించుకున్నాకే అసలు సర్టిఫికెట్ ఎవరి చేతికైనా ఇవ్వాలి. ఇచ్చేముందు రెండు వైపులా రంగుల్లో స్కాన్ తీసి ఉంచుకోవాలి.

పేరు దగ్గర ఇంకో చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో పెళ్ళి తర్వాతి ఇంటిపేరు. మేడమ్‌లకు ఈ బాధ ఎక్కువ. మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే పరిశీలించేవాడికి అవి ముగ్గురు మనుషులవి. అఫిడవిట్‌తో కొన్నిచోట్ల గడుస్తుంది గాని, పాస్‌పోర్టునే పదో తరగతి మెమోకు దగ్గరగా మార్పించుకోవడం మేలు. పోలీస్ క్లియరెన్స్‌కు 2022 సెప్టెంబరు నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా స్లాట్ ఇస్తున్నారు. దానికోసం హైదరాబాద్ బస్సెక్కే పని తప్పింది. సౌదీ, కువైట్ వంటి దేశాలకు వాళ్ళు గుర్తించిన కేంద్రంలోనే వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఎప్పుడో నయమైన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ అని రాస్తారు. ఆ చరిత్ర ఉన్నవాళ్ళు ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే సొంతంగా ఒక ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించుకోవాలి.

వీటన్నిటికన్నా గట్టి ముడి అనుభవం సర్టిఫికెట్‌ది. అక్కడి బళ్ళు పిల్లల భద్రత పేరిట కనీసం ఇద్దరు సిఫారసుదారుల్ని అడుగుతాయి. ఒకరు ఇప్పుడు పనిచేస్తున్న బడి ప్రిన్సిపాలే అయ్యుండాలి, మెయిల్ ఆ బడి పేరు మీద ఉండాలి. మన దగ్గర హెడ్మాస్టరు గారి మెయిల్ ఆయన పిల్లవాడు తెరిచిన జీమెయిల్. జీతం కవర్లో పెట్టి ఇస్తారు, నియామక పత్రం ఉండదు, పీఎఫ్ ఉండదు. ఇరవై మందికి పైగా సిబ్బంది ఉన్న బడికి పీఎఫ్ చట్టప్రకారం తప్పనిసరి అయినా ఇదే పరిస్థితి. పదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి కాగితం మీద ఒక్క రోజు అనుభవం కూడా రుజువు కాదు. ఇప్పటినుంచైనా జీతం బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్, డీఈఓ కార్యాలయం కౌంటర్ సంతకం పడ్డ సర్వీసు సర్టిఫికెట్, ఈ మూడిట్లో రెండైనా ఉంటే పని నడుస్తుంది.

ఇందులోనే ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. బీఈడీ 2015 నుంచి రెండేళ్ళ కోర్సు. మన జిల్లాల్లో కాలేజీకి పోకుండా బీఈడీ చేసి, అదే రెండేళ్ళు ప్రైవేటు బడిలో పూర్తికాలం పనిచేసినవాళ్ళు కోకొల్లలు. అనుభవం సర్టిఫికెట్‌లో ఆ రెండేళ్ళు కూడా కలిపి రాయించుకుంటారు. రెగ్యులర్ బీఈడీ తేదీలు, ఉద్యోగం తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే అక్కడి పరిశీలకుడు రెండిట్లో ఒకటి అబద్ధమనే తేలుస్తాడు. చివరికి డిగ్రీకే అనుమానం చుట్టుకుంటుంది. కాబట్టి ఆ రెండేళ్ళను అనుభవంలో చూపకండి. డిగ్రీలో చదివిన సబ్జెక్టుకూ చెప్పబోయే సబ్జెక్టుకూ పొంతన లేకపోయినా ఆగిపోతుంది. బీకాం చదివి ఇక్కడ లెక్కలు చెప్పినంత తేలిక కాదు అక్కడ. దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుదాబిలో అడెక్ అనే ప్రభుత్వ విద్యా సంస్థలు టీచరు నియామకాన్ని కాగితాలు చూశాకే ఆమోదిస్తాయి.

కాంట్రాక్టు దగ్గరికి వద్దాం. మొత్తం జీతం ఒకటే అయినా దాన్ని ఎలా ముక్కలు చేశారన్నది చూడాలి. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది నిండిన ఉద్యోగికి మొదటి ఐదేళ్ళలో ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, ఆ తర్వాత 30 రోజుల చొప్పున. నెలకు 5,000 దిర్హాముల కాంట్రాక్టులో మూలవేతనం 3,500 అని రాస్తే రెండేళ్ళకు 4,900 దిర్హాములు. అదే 5,000లో మూలవేతనం 2,000, మిగతాది అలవెన్సులని రాస్తే రెండేళ్ళకు 2,800. సంతకం పెట్టేటప్పుడు కనిపించని తేడా ఇంటికి వచ్చేటప్పుడు కనిపిస్తుంది. ఒమన్‌లో 2023 నాటి కొత్త కార్మిక చట్టం ఏడాదికి ఒక నెల మూలవేతనం అంటోంది. అక్కడా లెక్క మూలవేతనం మీదే.

జీతం పన్నెండు నెలలకా, పదింటికా? ఎండాకాలం జులై, ఆగస్టు సెలవులకు పైసలు ఇవ్వని బళ్ళున్నాయి. వసతి అంటే గది ఒక్కరికా, ముగ్గురికా? టికెట్ ఏటా వస్తుందా, రెండేళ్ళు నిండాకనా? వారానికి ఎన్ని పీరియడ్లు, అందులో లేనివాళ్ళ బదులు పోయేవి కలిశాయా? కుటుంబాన్ని తీసుకుపోవాలంటే యూఏఈలో 4,000 దిర్హాముల జీతమో, 3,000తో పాటు వసతో ఉండాలి. ఆఫర్ అంకె దానికి ఇవతలే ఆగితే భార్యో భర్తో పిల్లలో ఇక్కడే. ఇవన్నీ మెయిల్‌లో అడిగి జవాబు మెయిల్‌లోనే తీసుకోవాలి. ఫోన్లో ఇచ్చిన మాట అక్కడ ఎవరికీ గుర్తుండదు.

యూఏఈలో ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. ఆ లోపు తీసేయాలన్నా, మనం దేశం వదిలి రావాలన్నా 14 రోజుల నోటీసు చాలు. చెప్పకుండా విమానం ఎక్కితే పని ఎగ్గొట్టి పోయినట్టు నమోదు చేస్తారు, ఏడాది పాటు కొత్త పర్మిటు రాదు. నియామక ఖర్చులు టీచరు నుంచి వసూలు చేయడం అక్కడి చట్టం ఒప్పదు, పాస్‌పోర్టు లాక్కొని పెట్టుకోవడమూ ఒప్పదు. విజిట్ వీసా మీద రండి, వచ్చాక మారుస్తాం అన్న మాటకు సరేనంటే మారేదాకా చేసిన పనంతా అక్రమమే. ఏజెంటు విషయానికొస్తే, అతని లైసెన్సు నంబరు కేంద్రం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడాలి. అతను తీసుకోదగ్గది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. లక్షల్లో అడిగేవాడి దగ్గర లైసెన్సు ఉన్నా లేకున్నా పోనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ హైదరాబాద్‌లో ఉంది. ముందు అక్కడ అడిగి చూడవచ్చు. మంచి బళ్ళు చాలావరకు తమ వెబ్‌సైటులోనే దరఖాస్తు తీసుకుంటాయి, పైసా అడగవు.

ఇప్పుడు తరగతి గది. ఎంపికలో ఇరవై, ముప్పై నిమిషాల డెమో అడుగుతారు, ఎక్కువగా కంప్యూటర్ తెర మీదే. మన సార్లు ఇక్కడ జారిపోయేది సబ్జెక్టు రాక కాదు. ఇరవై నిమిషాలూ తామే మాట్లాడి, మధ్యమధ్యలో "అర్థమైందా?" అంటారు, పిల్లలు "యెస్ సార్" అని కోరస్ ఇస్తారు. చూసేవాళ్ళకు కావల్సింది వేరు: వెనక బెంచీ పిల్లకు ఇది వచ్చిందని మీకెలా తెలిసింది? అందుకని ఐదో నిమిషానికల్లా పిల్లల చేత ఏదో ఒకటి చేయించాలి. ప్రశ్న వేసి, కాసేపు ఆగి, పేరు పెట్టి ఒకర్ని అడగాలి. చిన్న పలక మీద అందరూ జవాబు రాసి ఒకేసారి పైకెత్తేట్టు చేస్తే ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో ఒక చూపులో తెలిసిపోతుంది. చివరి మూడు నిమిషాల్లో ఒక్క ప్రశ్నకు చీటీ మీద జవాబు రాయించుకుంటే, రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీలే చెప్తాయి. పలకలు మన బళ్ళలో ఎప్పుడో అటకెక్కాయి గానీ అక్కడ ఖరీదైన బళ్ళలోనే వాటితో పని నడుస్తోంది.

పాఠం ప్రణాళిక వారం ముందే సిస్టంలో పెట్టాలి. ఒకే పాఠానికి మూడు మెట్ల పని తయారుచేయాలి: వెనకబడ్డవాళ్ళకు ఒకటి, మధ్యవాళ్ళకు ఒకటి, ముందున్నవాళ్ళకు ఒకటి. ఇంగ్లిషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కొరియా పిల్లవాడికి కొత్త పదాల పట్టిక వేరే ఇవ్వాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు రాతపూర్వక ప్రణాళిక ఉంటుంది, దాన్ని టీచరు చదవలేదంటే అది తప్పు కిందే లెక్క. ఇదంతా కాగితాల పిచ్చి అనిపిస్తుంది, కొంత పిచ్చే కూడా. కానీ యూఏఈలో తనిఖీ అధికారులు బడికి అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు గ్రేడుల్లో ఒకటి ఇస్తారు. దుబాయ్‌లో చాలా ఏళ్ళు ఫీజు పెంచుకునే హక్కును ఆ గ్రేడుతోనే ముడిపెట్టారు. యాజమాన్యం టీచరు మెడ మీద కూర్చోవడానికి కారణం అక్కడుంది.

పరీక్ష పేపరు దిద్దే తీరు కూడా వేరు. ఐజీసీఎస్‌ఈ లెక్కల్లో పద్ధతికి వేరే మార్కు, ఆ పద్ధతితో వచ్చిన జవాబుకు వేరే మార్కు, పద్ధతితో పనిలేకుండా ఇచ్చేది ఇంకొకటి. సైన్సులో 'స్టేట్' అని అడిగితే ఒక్క మాట చాలు, 'ఎక్స్‌ప్లెయిన్' అంటే కారణం రాయాలి; పేజీ నిండా రాసినా కారణం లేకపోతే సున్నా. గైడు చూసి జవాబులు బట్టీ పట్టించే అలవాటు మొదటి టర్ములోనే బయటపడుతుంది. పాత ప్రశ్నపత్రాలు, మార్కుల విధానం బోర్డు వెబ్‌సైటులోనే దొరుకుతాయి. బయల్దేరే ముందు మూడేళ్ళ పేపర్లు సొంతంగా రాసి, దిద్దుకుని చూసుకోవాలి.

బెత్తం సంగతి కొత్తగా చెప్పాలా? మన విద్యాహక్కు చట్టం 17వ సెక్షనూ కొట్టొద్దనే అంటుంది, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అక్కడ చెవి మెలిపెట్టినా ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా కావచ్చు. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మన మేడమ్‌లకు ముచ్చట. అనుమతి లేకుండా పెడితే యూఏఈలో అది సైబర్ నేరం. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి నాలుగు రాళ్ళు వెనకేద్దామంటే, పర్మిటు లేకుండా అదీ నేరమే. 2023 డిసెంబరు నుంచి ప్రైవేటు ట్యూటరు పర్మిటు రెండేళ్ళకు ఉచితంగా ఇస్తున్నారు, తీసుకుని చెప్పుకోవచ్చు.

ఇంత రాశాక స్థానికంగా కావల్సినవి కూడా చెప్పాలి. పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీలు విదేశాల నుంచి వచ్చే ధ్రువీకరణ మెయిళ్ళకు ఒక అధికారిని, ఒక గడువును పెట్టి ఆ వివరం తమ వెబ్‌సైటులో ఉంచాలి. జవాబు రాని మెయిల్‌ను అక్కడి బడి నకిలీ సర్టిఫికెట్ కిందే చూస్తుంది. ఓడీ దరఖాస్తును ఫలితాలు వచ్చిన రోజే విద్యార్థి చేత పెట్టించే పని బీఈడీ కాలేజీలు తీసుకోవాలి. రెండు జిల్లాల డీఈఓలు సర్వీసు సర్టిఫికెట్ల కౌంటర్ సంతకానికి వారంలో ఒక రోజు కేటాయిస్తే దేవరకొండ వంటి దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు బస్సు కిరాయిలు దండగ కావు. ప్రైవేటు బడి యాజమాన్యాలు నియామక పత్రం, బ్యాంకులో జీతం, బడి పేరుతో ఒక మెయిల్, ఈ మూడూ ఇవ్వాలి. టీచరు విదేశాలకు పోయినా పోకపోయినా ఇవి అతని హక్కులే. గుర్తింపు పునరుద్ధరణకు ఫైలు వచ్చినప్పుడు విద్యాశాఖ ఈ మూడూ ఉన్నాయా లేవా అని చూస్తే చాలు.

ఇట్లు,
విదేశీ బళ్ళలో పనిచేసి వచ్చిన కొందరు టీచర్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు